సర్‌ప్రైజు కాదు, మొహమాటం

మొన్నామధ్య ఒక స్నేహితుడింట్లో భోజనాలయ్యాక కబుర్లు 2020 మీదికి మళ్ళాయి. లాక్‌డౌన్‌లో ఎవరెవరు పుట్టినరోజులు ఎలా చేశారో చెప్పుకోవడం మొదలెట్టారు. ఒకాయన ఇక్కణ్ణించే హైదరాబాదులో వాళ్ళ మామగారింటికి చెప్పాపెట్టకుండా కేకు పంపించాట్ట. ఇంకొకావిడ మూడు దేశాల చుట్టాల్ని జూమ్‌లో కూర్చోబెట్టి వాళ్ళ నాన్నగారి చేత కళ్ళనీళ్ళు పెట్టించిందిట. "ఎంత సర్‌ప్రైజు అయ్యారో!" అని అందరూ ఒకటే మురిసిపోవడం. నేను మాత్రం నోరుమూసుకుని మజ్జిగ తాగాను.

అక్కడ అనలేని మాట ఇక్కడ అంటున్నాను. ఆ రోజుల్లో పెద్దవాళ్ళున్న ఇంటికి, వాళ్ళకి చెప్పకుండా మనుషుల్ని పంపి సర్‌ప్రైజు పార్టీ పెట్టడమంత బాధ్యత లేని పని ఇంకోటి లేదు. ఇలా అనే హక్కు నాకుంది. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను కనుక.

2020 మే నెల. మన దేశంలో మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ మూడో విడత నడుస్తోంది. 65 ఏళ్ళు దాటినవాళ్ళూ, జబ్బులున్నవాళ్ళూ అవసరమైతే తప్ప ఇల్లు కదలొద్దని కేంద్రం ఉత్తర్వులు. మా నాన్నగారు రెండు లెక్కల్లోనూ వస్తారు. విజయవాడలో మా అమ్మ పనిమనిషికి జీతమిస్తూనే రావద్దని చెప్పి, అంట్లు తనే తోముకుంటూ, పాలప్యాకెట్లు సబ్బునీళ్ళతో కడుక్కుంటూ ఆయన్ని కాపాడుకుంటోంది. ఆవిడకి ఆ నెల్లోనే 60 నిండుతాయి. వెళ్దామంటే విమానాల్లేవు. నాకేమో వెళ్ళలేకపోతున్నానే అన్న గిల్టు. ఆ గిల్టుకి మందుగా కనిపెట్టిందే సర్‌ప్రైజు.

వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళవాళ్ళని ఫోన్లో బతిమాలాను. కిందింటావిడ కేకు చేస్తానన్నారు. రోడ్డెక్కే పని లేదు, బిల్డింగు లోపలే కదా, తప్పేముంది అనుకున్నాను. అక్కడ రాత్రి ఎనిమిది, మాకు మధ్యాహ్నం మూడున్నర. జూమ్ వాడు ఊరికే ఇచ్చే నలభై నిమిషాల్లో కార్యక్రమం మొత్తం ఇరికించాను. తలుపు కొట్టారు, మా అమ్మ తీసింది, ఏడెనిమిది మంది ఒక్కసారిగా పాట అందుకుంటూ హాల్లోకి వచ్చేశారు.

మా అమ్మ జన్మలో కేకు కోసి ఎరగదు. వెలిగించిన దీపం నోటితో ఊదడం ఆవిడ దృష్టిలో అపచారం. ఆ రోజు ఊదింది. ఇక్కడ మేము చప్పట్లు కొడుతున్నాం. స్క్రీన్‌లో ఓ మూల నాన్నగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన్ని గదిలోకి పంపి తలుపేసి, అప్పుడు కేకు దగ్గరికొచ్చిందని నాకు తర్వాత తెలిసింది. నవ్వుతోంది గానీ కొంగు మూతి మీంచి తియ్యలేదు. సిగ్గుపడుతోందని మేమంతా ఆటపట్టించాం.

తర్వాత పద్నాలుగు రోజులు ఆవిడ హాల్లో చాప వేసుకుని పడుకుంది. నాన్నగారికి కంచం గుమ్మం దగ్గర పెట్టి పక్కకి తప్పుకునేది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. పదిహేనో రోజున ఫోన్లో ఒక్కటే మాటంది: "ముందు ఒక్క మాట అడిగుంటే వద్దనేదాన్ని కదరా." కోపంగా కూడా అనలేదు.

అసలు సంగతంతా ఆ మాటలో ఉంది. వద్దంటుందని తెలిసే కదా అడక్కుండా చేసింది! సర్‌ప్రైజు అంటేనే ఎదుటివాళ్ళకి వద్దనే వీలు లేకుండా చెయ్యడం. మామూలు రోజుల్లో అది సరదా. మహా అయితే నచ్చని చొక్కా వస్తుంది. కానీ ఇంట్లోకి ఎవరు రావాలన్నదే ప్రాణం మీద సంగతైన రోజుల్లో, ఆ నిర్ణయం ఎవరి ఇల్లో వాళ్ళది. ఐదువేల మైళ్ళ అవతల కూర్చున్న కొడుకుది కాదు. పైగా మనవాళ్ళు గుమ్మంలోకొచ్చిన మనిషిని పొమ్మనగలరా? మా అమ్మ ముఖంలో నేను చూసింది ఆశ్చర్యం కాదు, మొహమాటం.

"ఆ రోజుల్లో ఆ మాత్రం సంతోషం కూడా లేకపోతే ఎలా బతికేవాళ్ళం?" అంటారు. నిజమే, సంతోషం కావాలి. కానీ ఎవరి సంతోషం? ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.

"ముందు తెలీదు" అన్నది కూడా చిన్న విషయమేం కాదు. ఇక్కడి అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కి 2020 జూన్ 19న ఆఫీసులో పుట్టినరోజు జరిపారు. ఆయనకి ముందుగా తెలీదని విచారణ నివేదికే చెప్పింది. కేకుతో మాటు వేసి మీద పడ్డారని ఆయన పార్టీవాడొకాయన వెనకేసుకొచ్చాడు కూడా. అయినా 2022 ఏప్రిల్లో పోలీసులు జరిమానా వేశారు. వెయ్యాల్సిందే, ఆ రూల్సు పెట్టింది ఆయన ప్రభుత్వమే మరి. నాకు తోచిన తేడా ఒక్కటే. ఆయన ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోగల మనిషి. మా అమ్మ ఎక్కడికి వెళ్తుంది? అది ఆవిడ ఇల్లే.

2021 మేలో, రెండో వేవ్ మధ్యలో, ముందే ఫోన్ చేసి ఏం కావాలని అడిగాను. "ఏమీ వద్దు. తీరిగ్గా మాట్లాడు. కెమెరా పెట్టకు, నలిగిన చీరలో ఉన్నా" అంది. రెండు గంటలు మాట్లాడింది. అందులో గంటసేపు మామిడికాయల ధర గురించీ, ఆ ఏడు ఆవకాయ పెట్టాలా వద్దా అన్న దాని గురించీ.

అడిగితే సరదా పోతుందంటారు. పోతే పోనీండి. మీరు పంపిన మనుషుల్ని చూసి మీ అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటే తెలుస్తుంది, సరదా ఎవరిదో.