ప్రయాణ ప్రార్థనకు ముందు అడగవలసిన ప్రశ్నలు



"అయ్యగారూ, వీసా వచ్చింది. బుధవారం ఫ్లైటు. ప్రార్థన చేయండి." కోనసీమలోనైనా, నరసాపురం చుట్టుపక్కలైనా, అటు రాజంపేట, రైల్వే కోడూరు వైపైనా పల్లె సేవకులందరికీ ఈ మాట అలవాటే. ఇలా అడిగేవారిలో ఎక్కువమంది కువైట్‌లో ఇంటి పనికి ఒంటరిగా బయలుదేరే తల్లులు. పాస్‌పోర్టు తెచ్చి బల్లమీద పెడతారు. దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థించేముందు కొన్ని ప్రశ్నలు అడగడం సేవకుని బాధ్యత, సంఘ పెద్దల బాధ్యత అని మేము నమ్ముతున్నాము.

ఇలా అంటే కొందరు నొచ్చుకుంటారు. "దేవుడే తలుపు తెరిచాడు, ఇంక ప్రశ్నలెందుకు? విశ్వాసం లేకనా?" అంటారు. నెహెమ్యాను చూడండి. రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము సంగతి విని ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు ఏమడిగాడు? ప్రయాణం ఎంతకాలం, తిరిగి ఎప్పుడు వస్తావు అని. నెహెమ్యా గడువు చెప్పాడు. అంతటితో ఆగక, నది అవతలి అధికారులకు తాకీదులు కావాలన్నాడు. కలప కోసం అడవి కాసే అధికారికి మరో ఉత్తరం కావాలన్నాడు. ప్రార్థించిన నోటితోనే కాగితాలు అడిగాడు. మన చెల్లెలికీ ఆ రెండూ కావాలి.

అమ్మా, ఇది ఏ వీసా? ఇది మొదటి ప్రశ్న. కువైట్‌లో ఇంటి పనికి ఇచ్చేది 20 నంబరు వీసా, కంపెనీ పనికి 18 నంబరు. "ముందు విజిట్ వీసామీద దుబాయి వెళ్లు, తర్వాత మార్పిస్తాం" అన్నారంటే ఆ ప్రయాణం అక్కడే ఆగాలి. విజిట్ వీసామీద పనిచేస్తే ఆ దేశపు చట్టం ముందు తప్పు ఆమె మీదకే వస్తుంది. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి భయపడుతుంది.

ఇంతకీ విజిట్ వీసా దారి ఎందుకు పట్టిస్తారు? పదో తరగతి పాసు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. 30 ఏళ్లు నిండని స్త్రీకి ఆ అనుమతి రాదు. విజిట్ వీసా అయితే ఆ తనిఖీ తప్పించుకోవచ్చని ఏజెంటు లెక్క. 27 ఏళ్ల తల్లితో "వయసు సంగతి నేను చూసుకుంటా" అనే మనిషి నిజంగా చూసుకునేది తన కమీషన్నే.

రెండో ప్రశ్న: పంపించేది ఎవరు? ఊళ్లోకి వచ్చే సబ్ ఏజెంటు మన చుట్టమే కావచ్చు, మన సంఘంవాడే కావచ్చు. అయినా లైసెన్సు అడగాలి. లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. మన యౌవనస్తులు ఫోనులోనే చూసిపెట్టగలరు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న స్త్రీల నియామకాలను కేంద్రం 2016లో ప్రభుత్వ సంస్థలకు పరిమితం చేసింది. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్‌ది, తెలంగాణలో టామ్‌కామ్‌ది. ముందు అక్కడ విచారించాలి. మగపిల్లలను పంపే లైసెన్సుదారుడు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగి, రసీదు మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవాని చేతిలో మన బిడ్డను ఎలా పెడతాము?

మూడో ప్రశ్న అప్పు గురించి. రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 6,000. అసలు అలాగే ఉంటుంది. ఒప్పందంలో జీతం ఎన్ని దీనార్లని రాశారు? మొదటి నెలల జీతం ఎవరైనా పట్టుకుంటారా? పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఆమె పేరున ఖాతా లేకపోతే ఫ్లైటు ఎక్కేలోగా తెరిపించాలి. ఎనిమిదేళ్లు కష్టపడి తిరిగివచ్చాక తన పేరున ఏమీ మిగల్లేదని తెలుసుకునే తల్లి దుఃఖం ఏ కూడికలోనూ సాక్ష్యంగా చెప్పుకునేది కాదు.

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? "మా అత్త చూసుకుంటుంది" అంటే ఆ అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టాలి. తల్లి వెళ్లిన ఇంట్లో పన్నెండేళ్ల ఆడపిల్లే వంటమనిషి అయిపోతుంది. తర్వాత బడి మానేస్తుంది. తండ్రి తాగుబోతయితే ఆ పిల్ల రాత్రిపూట ఎక్కడ పడుకోవాలో కూడా ముందే తేల్చాలి. ఈ మాట అడగడానికి సిగ్గుపడకూడదు.

ఐదో ప్రశ్న: ఆపద వస్తే ఏం చేస్తావు? ఇంటి పనివారికోసం కువైట్ 2015లో చట్టం చేసింది. రోజుకు పని 12 గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఇంటి పనివారి విషయమై 2021 జూన్‌లో మన దేశానికీ కువైట్‌కూ ఒప్పందం కూడా జరిగింది. చట్టం ఉన్నంతమాత్రాన ప్రతి ఇంట్లో అమలవుతుందని కాదు. కానీ హక్కు ఉందని తెలిసినామె సహాయం అడుగుతుంది. తెలియనామె తన తలరాత అనుకుంటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. అది కట్టారా? మన రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఫోనులోనే కాక కాగితంమీద కూడా ఉందా? ఫోను లాక్కుంటే ఆ కాగితమే దిక్కు.

ఇవన్నీ అడిగితే వెళ్లడం మానేస్తారని కొందరి భయం. మేము వెళ్లవద్దనడం లేదు. కువైట్ డబ్బుతో మన పల్లెల్లో పాకలు డాబాలయ్యాయి, ఆడపిల్లలు నర్సింగు చదివారు. ఆ తల్లుల చెమటను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆమె ఎటూ వెళ్తుంది కాబట్టే, తెలిసి వెళ్లాలి.

ఆమె ఒంటరిగా వెళ్తుందంటాము గానీ, ఆమెను సాగనంపే సంఘం పెద్దది. మన స్త్రీల సమాజం దగ్గర ఒక పుస్తకం ఉండాలి. అందులో పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు, యజమాని చిరునామా, ఏజెంటు పేరు ఉండాలి. వారానికొకసారి ఫోను చేసే బాధ్యత ఇద్దరికి అప్పగించాలి. రెండు వారాలు జవాబు లేకపోతే ప్రార్థన అంశంగా రాసి ఊరుకోకుండా, ఆ నకళ్లు పట్టుకొని కలెక్టరు ఆఫీసుకు వెళ్లాలి. కువైట్ నుంచి కానుక వచ్చిన ఆదివారం ఆమె పేరు మైకులో చదువుతాము. కానుక ఆగిపోయిన నెలలో "ఆమె ఎలా ఉంది?" అని అడగవలసినది కూడా ఆ సంఘమే.

కువైట్‌లో ఉండి ఇది చదువుతున్న అక్కలారా, చెల్లెలారా, మీకు తెలిసిన సంగతులు మాకన్నా ఎక్కువ. మన ఊరినుంచి కొత్తగా బయలుదేరే వారితో మీరే ఒకసారి ఫోనులో మాట్లాడండి. బాగున్నదీ చెప్పండి, బాగులేనిదీ దాచకుండా చెప్పండి.

ఈ నెలలో బయలుదేరేవారు ఎవరైనా ఉంటే ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలన్నీ పట్టుకొని రండి. కూర్చొని ఒక్కొక్కటీ చదువుదాము. తర్వాత మోకరిద్దాము. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.