రిపోర్టు చెవికీ అందాలి

డేటాను బొమ్మలుగా చూపే పద్ధతులపై 2024 అక్టోబరులో జరిగిన ఐఈఈఈ విజ్ సదస్సుకు హాజరయ్యాను. ఫ్లోరిడాలో జరగాల్సిన ఆ సదస్సు మిల్టన్ తుపాను వల్ల ఆన్‌లైన్‌కు మారింది. హైదరాబాద్‌లోని మా ఇంటి నుంచే విన్నాను. చూపు లేనివారికి గ్రాఫును ఎలా అందించాలన్న మాట రాగానే, నా మనసు పక్క గదిలో ఉన్న నాన్న మీదికి పోయింది.

మధుమేహంతో నాన్నకు చూపు బాగా తగ్గింది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపించాల్సిందే. ల్యాబ్ వాళ్లేమో రిపోర్టును స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. అందులో ఏ అంకె ఏ పరీక్షదో టాక్‌బ్యాక్ సరిగ్గా చెప్పలేకపోతోంది. హెచ్‌బీఏ1సీ ఎంతో తెలియాలంటే నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. "నా ఒంట్లో చక్కెర ఎంతుందో నాకు తప్ప అందరికీ తెలుసురా" అన్నారోసారి.

రంగులతోనూ ఇదే చిక్కు. ఎక్కువైతే ఎరుపు, సరిగా ఉంటే ఆకుపచ్చ అంటారు. ఆ రెండు రంగుల తేడా తెలియనివారి సంగతేంటి? మగవారిలో ఈ సమస్య ఎక్కువ. అంకె పక్కన 'ఎక్కువ', 'తక్కువ' అని రాస్తే సరిపోతుంది కదా!

సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. చట్టం పని చట్టం చేస్తుంది. మనమూ అడగాలి. ఈసారి పరీక్షలకు వెళ్లినప్పుడు, స్కాన్ కాపీ కాకుండా, ఫోన్ చదవగలిగే పీడీఎఫ్ ఇవ్వమనండి. ఎవరి ఒంటి సంగతి వారికే ముందు తెలియాలి.