"మా వాడికి చూస్తేనే ఎక్కుతుంది" అనే ముందు

"మా వాడికి వింటే ఎక్కదండీ, చూస్తేనే ఎక్కుతుంది." ఈ మధ్య నలుగురు తల్లులు కలిస్తే ఈ మాట వినబడుతోంది. మా ఎర్రవల్లిలోనూ అంతే. పిల్లలందరూ ఒక్కలా ఉండరని గుర్తించడం మంచిదే. కానీ దాన్ని పిల్లల నుదుట ముద్రలా వేయడమే నాకు నచ్చదు.

ఈ ఆలోచనకు బాగా ప్రచారం తెచ్చినవారిలో న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ ఒకరు. 1992లో ఆయన, కోలీన్ మిల్స్ కలిసి చూడడం, వినడం, చదివి రాయడం, చేసి నేర్చుకోవడం అని నాలుగు పద్ధతులు చెప్పారు. అయితే 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించారు. పిల్లల పద్ధతికి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇష్టాలు వేరువేరుగా ఉండొచ్చు. ఇష్టమైన దారిలో చెబితేనే చదువు వస్తుందన్నది మాత్రం రుజువు కాలేదు.

మన బతుకమ్మనే చూడండి. పేర్చడం వింటే రాదు, తంగేడు, గునుగు చేతికిస్తేనే వస్తుంది. పాట పేరిస్తే రాదు, ఒకరు పాడుతుంటే వెనక అందుకుంటేనే వస్తుంది. ఒకే పిల్ల, ఒకే పండుగ, రెండు దారులు. ఏ దారిలో వెళ్లాలో చెప్పేది నేర్చుకునే విషయమే.

చదువూ అంతే. సగం, పావు అర్థం కావాలంటే జొన్నరొట్టె తుంచి చూపించండి. ఆ తర్వాత నోట్‌బుక్‌లో రాయించండి. పరీక్షలో రొట్టె ఇవ్వరు కదా! ఎక్కాలు నోటితో అనాల్సిందే, పటం చేత్తో గీయాల్సిందే.

ముద్ర వేస్తే వచ్చే నష్టం చిన్నది కాదు. "నాకు చదివితే రాదు" అని పిల్లవాడే నమ్మేస్తాడు. పుస్తకం తీయమంటే వీడియో పెట్టమంటాడు. పై తరగతులకు వెళ్లాక పుస్తకం తప్పదు, అప్పటికి అలవాటు ఉండదు. చదవడం కష్టమైన పిల్లలకు ఇంకాస్త ఓపికగా చదవడం నేర్పాలి గానీ, చదువు తప్పించకూడదు.

మన ప్రభుత్వ బడుల్లో 2022లో మొదలైన 'తొలిమెట్టు' ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని పెట్టినది. ముందు ఏ పిల్లకు ఎంతవరకు వచ్చో చూసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నది అందులోని మంచి మాట. ఇంట్లో మనమూ అడగాల్సింది అదే. "మా వాడు ఏ రకం?" అని కాదు, "వాడికి ఇప్పటికి ఏం వచ్చు, ఎక్కడ ఆగిపోయాడు?" అని.