నూతన నిరక్షరాస్యత

ఒకప్పుడు తపాలా కచేరి యరుగుమీఁద కూర్చుండి కూలికి ఉత్తరములు వ్రాసిపెట్టువారుండెడివారు. అక్షరము రాని తల్లి తన కొడుకునకు చెప్పఁదలచిన మాట పరునికి చెప్పి, వాఁడు వ్రాసినదే తన మాటయని నమ్మి పోయెడిది. ఆ దురవస్థను తొలగించుటకే మన పెద్దలు రాత్రి పాఠశాలలను, గ్రంథాలయములను నెలకొల్పిరి. సికింద్రాబాదులో 1905వ సంవత్సరమున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసినది అట్టి యుత్సాహముననే. ఆ కూలి లేఖకుఁడు నేఁడు వేషము మార్చి మరల వచ్చియున్నాఁడు.

పింఛనుకు, రేషను కార్డుకు, విద్యార్థి వేతనమునకు నేఁడు దరఖాస్తు తఱచుగా అంతర్జాలము ద్వారానే. ఈ జంటనగరములలో 2001లో ఈసేవా కేంద్రములు, తరువాత మీసేవ ప్రారంభమయ్యెను. వానిని మేము నిందింపము. కచేరీల చుట్టు తిరుగు బాధ వానివలన కొంత తగ్గినది. కాని అచ్చటివారు మన పని చేసిపెట్టి రుసుము పుచ్చుకొందురే గాని, దానిని మనకు నేర్పరు. నేర్పుట వారి పనియు కాదు. మఱి యెవరి పని?

"ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను కలదు గదా" యని కొందఱందురు. కలము చేతనున్నంత మాత్రమున వ్రాఁత వచ్చునా? 2019-21 నాఁటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనను అంతర్జాలమును వాడితిమని చెప్పిన తెలంగాణ స్త్రీలు నూటికి సుమారు 26 మంది మాత్రమే. "పిల్లలు చూచుకొందురులే" యని మఱికొందఱందురు. తల్లి బ్యాంకు రహస్యసంఖ్య కొడుకు చేతిలో నుండుట, ఫోనులో నెవఁడో అధికారినని బెదరించినంతనే వితంతువు ఓటీపీని అప్పగించుట, ఇవియా మనము కోరిన స్త్రీ స్వాతంత్ర్యము?

ప్రభుత్వమేమియు చేయలేదనుట న్యాయము కాదు. 2017లో ప్రారంభమై 2024 మార్చిలో ముగిసిన డిజిటల్ సాక్షరతా పథకము 6 కోట్లకు పైగా జనులకు శిక్షణ నిచ్చినది. కాని దాని పేరే "గ్రామీణ" పథకము. బన్సీలాల్‌పేటలోనో చిలకలగూడలోనో అంట్లు తోమి బ్రదుకు స్త్రీ పట్టణవాసిని గనుక ఆమెకన్నియు తెలియునని యెంచిరి కాఁబోలు! డిజిటల్ సేవలను పొందుట జీవనహక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానము 2025 ఏప్రిల్ 30వ తేదీన తీర్పు చెప్పినది. హక్కు సిద్ధించినది, నేర్పు గురువునకు జీతమిచ్చువారెవరు?

ధనము లేదనుట కల్ల. 1960 నాఁటి గ్రంథాలయ చట్టమును బట్టి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమందఱము కట్టుచున్నాము. 2013 నాఁటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని విధించినది. లోపించినది ఈ ధనమును వాడకు చేర్చు ఏర్పాటు. గ్రంథాలయమునకు గది కలదు, పేదల చనువు లేదు. మహిళా పొదుపు సంఘమునకు చనువు కలదు, గది లేదు. కంపెనీకి ధనము కలదు, సందు పేరైనను తెలియదు. ఈ మువ్వురిని ఒక్క ఒడంబడికలోనికి తేవలెను.

ఆ యొడంబడికకు మేము కోరు నియమములు నాలుగు. ధనము కనీసము మూఁడేండ్లకు నిశ్చయముగా నీయవలెను. మొదటి భాగము బోధించు స్త్రీ జీతమునకు, తరువాతనే యంత్రములకు చెల్లవలెను. గురువు లేని యంత్రము ప్రారంభోత్సవపు ఛాయాచిత్రమునకే పనికివచ్చును. పాఠము తెలుఁగునను ఉర్దూనను, పనిపాటలు ముగిసిన సాయంకాలము జరుగవలెను. జమాఖర్చులను బస్తీవారి యెదుట చదువవలెను. ఫలితమును కొలుచునప్పుడు, ఎన్ని పట్టములు పంచితిరని గాక, ఎంతమంది తమ దరఖాస్తును తామే పంపుకొనిరని యడుగవలెను.

చదువరులారా! ఈ నెలలోనే మీ పేట గ్రంథాలయమునకు పోయి, మీ 8 పైసలతో ఇచ్చట నేమి నేర్పుచున్నారని యడుగుఁడు. వెళ్లునప్పుడు మీ యింట పనిచేయు నామెను గూడ వెంటఁబెట్టుకొని పొండు. ఆ ప్రశ్న అడుగుటకు మీకెంత యధికారము కలదో ఆమెకును అంత కలదు.