వేరుగడ్డలో గులకరాయి

చుట్ట తాగేవాడికి సరంజామాతో పని లేదు. ఆకు దొరికితే చుట్టుకుంటాడు, నిప్పు దొరికితే అంటించుకుంటాడు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే అవ్వలైతే ఆ నిప్పు కొసను కూడా నోట్లోనే పెట్టుకుంటారు. పైపు సంగతి అలా కాదు. చిటికెడు పొగాకు కాల్చుకోవడానికి ముందు ఎక్కడో ఒక పొద దశాబ్దాలు పెరగాలి, దాని గడ్డ ఉడకాలి, ఏళ్లు ఆరాలి. పొగ మానండర్రా అని ఊరంతా మొత్తుకుంటున్న రోజుల్లో పైపు ముచ్చటేమిటని అడిగితే తప్పు లేదు. పొగ హానికరమన్న మాట పెట్టెల మీద రాస్తారు కదా, ఇక్కడా రాసినట్టే అనుకోండి. మన ముచ్చట పొగ గురించి కాదు, పైపును చెక్కే చేతుల గురించి.

ఆ పొద పేరు బ్రయర్. ఆ మాట అనగానే ఇంగ్లిషు చదువుకున్నవాళ్లకు ముళ్ల గులాబీ పొద గుర్తొస్తుంది. దానికీ దీనికీ చుట్టరికమే లేదు. ఫ్రెంచివాళ్ల బ్రుయేర్ ఇంగ్లిషువాడి నోట పడి అలా అరిగింది. అసలు మొక్క ఎరికా ఆర్బోరియా, తెల్లపూల పొద. కోర్సికా, కలాబ్రియా, గ్రీసు, అల్జీరియాల్లోని మధ్యధరా కొండవాలుల మీద పెరుగుతుంది. వేసవిలో అక్కడ కార్చిచ్చు మామూలే. కొమ్మలన్నీ కాలి బూడిదైనా నేలలో వేరు మొదట ఉండే గడ్డ చావదు. దాచుకున్న నీళ్లతో, తిండితో మళ్లీ చిగురేస్తుంది. పైపు గిన్నెకు పనికొచ్చేది ఆ గడ్డే. నిప్పును ఓర్చుకోవడం దానికి కొత్త కాదు.

తవ్వి తీసిన గడ్డను ఎండకు వదిలేస్తే పగిలిపోతుంది. అందుకే మిల్లుకు చేరాక కూడా దాన్ని తడి ఆరనివ్వరు. రంపం దగ్గర కూర్చున్నవాడు గడ్డను తిప్పి చూసి, ఏ ముక్క ఎటు కోస్తే నార నిలువుగా వస్తుందో కంటితోనే తేల్చుకుంటాడు. తర్వాత ఆ ముక్కలను పెద్ద గంగాళాల్లో గంటల తరబడి ఉడకబెడితే వగరంతా నీళ్లలోకి దిగుతుంది. ఆపైన నీడన నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆరబెడతారు.

ఈ ముక్కలతో ఊరికి ఊరే బతికిన చోటు ఫ్రాన్సులోని సేంట్ క్లోద్. జురా కొండల్లో ఉంటుంది. అక్కడ ఈ పొద మొలవదు, లేతు పని మాత్రం పాతకాలం నుంచీ ఉంది. అక్కడి తరిమెనవాళ్లు యాత్రికుల కోసం జపమాల పూసలు, బొమ్మలు చేసేవారు. 1850లలో బ్రయర్ వచ్చాక పైపుల పనిలోకి దిగారు.

గిన్నె కర్రదే గానీ, నోట్లో పెట్టుకునే గొట్టం చాలాకాలంగా ఎబోనైట్‌ది. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు అది. ఈ పేరు మనకు కొత్త కాదు. రాజమండ్రి రత్నం పెన్నుల ఒళ్లంతా ఎబోనైటే. దాన్ని లేతు మీద తిప్పుతుంటే వచ్చే గంధకపు వాసన ఆ జురా కొండల్లోనైనా మన గోదావరి ఒడ్డునైనా ఒకటే. ఎండ తగిలితే పెన్నూ పైపు గొట్టమూ ఒకేలా పచ్చగా పాలిపోతాయి. స్వదేశీ మాట మీద పుట్టిన కలానికి, దొరల నోట్లో పైపుకి ఇలా ఒక బంధుత్వం!

పైపు మంచిచెడ్డలు తేల్చేవి రెండు బెజ్జాలు. పొగాకు కూరే గుంట వెడల్పు ఇంచుమించు 20 మిల్లీమీటర్లు, పొగ వచ్చే దారి 4 మిల్లీమీటర్లు. ఆ చిన్న దారి సరిగ్గా గుంట అడుగునే తెరుచుకోవాలి. వెంట్రుకవాసి పైకి జరిగినా అడుగున పొగాకు తడిసి ముద్దవుతుంది. ఫ్యాక్టరీల్లో ముందు ఈ బెజ్జాలు తొలిచి, తర్వాత చుట్టూ రూపం తెస్తారు. కోపెన్‌హేగెన్‌లో స్థిరపడిన స్వీడన్ మనిషి సిక్స్‌టెన్ ఇవార్సన్ ఈ వరస తిరగేశాడు. ముందు నార ఎటు పోతోందో చూసి దాని వెంట రూపం చెక్కేవాడు, ఆఖరున తొలిచేవాడు. చెక్కింది ఎంత అందంగా కుదిరినా, ఒక్క తొలుపు తప్పితే అంతా గంగపాలు. అయినా డెన్మార్క్ పనివాళ్లు చాలామంది ఆయన దారే పట్టారు.

ఇంత చేశాక కూడా ఒక గండం మిగులుతుంది. గడ్డ నేలలో పెరుగుతూ దారిలో తగిలిన ఇసుకనూ గులకరాళ్లనూ కడుపులో కలిపేసుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నునుపు పట్టించి, రేపోమాపో రంగు వేద్దామనుకున్న గిన్నె పక్కన ఆవగింజంత నల్లచుక్క తేలుతుంది. గోటికి తగులుతుంది. సూదితో గీకితే చెక్కపొడితో పాటు ఇసుక రాలుతుంది, ఆవగింజ కాస్తా బఠాణీగింజంత గుంత అవుతుంది.

అప్పుడేం చేయాలి? లప్పం పెట్టి ముదురు రంగు పూసేయవచ్చు. మన వడ్రంగులకూ తెలిసిన ఉపాయమే. లేదా ఇసుక చిమ్మి మెత్తని చెక్కను కొరికించి, గట్టి నారను మాత్రం గరుకుగా నిలబెట్టవచ్చు. లండన్ పైపుల కంపెనీ డన్‌హిల్ వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ గరుకునే వేడుక చేసి అమ్మారు. నిజానికి పైన చిన్న గుంత ఉంటే పైపు పనికి వచ్చే నష్టమేమీ లేదు. కంటికి తప్ప ఎవరికీ పట్టదు. లప్పాన్ని మరీ పాపంలా చూడడం కొంటున్నవాడి బడాయి అని మాకనిపిస్తుంది. చెప్పి అమ్మితే చాలు.

పేరు మీద పని అమ్ముకునే చేతిపనివాడు మాత్రం ఒప్పుకోడు. రెండు రోజుల పనిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యి పక్కన తట్టలో పడేస్తాడు. శీతాకాలంలో కొట్టు వెచ్చబెట్టుకోవడానికి అవే ముక్కలు. కాకపోతే ఆ గడ్డ పుట్టుక అలాంటిది మరి, అంత తొందరగా అంటుకోదు.