అక్షరచ్ఛేదము – పదచ్ఛేదము

శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ గ్రామనామము వ్రాయునపుడు ని, మ్మా, డ అని మూడక్షరములు. పలుకునపుడు నిమ్, మా, డ. లిపి మకారద్వయమును ఒక్కచో కూర్చినను చెవి మొదటి మకారమును ‘ని’తోనే చేర్చుకొనును. అందుచేతనే ‘ని’ గురువగుచున్నది. సంయోగమునందలి తొలి హల్లు పూర్వాచ్చునకు అంగమని తైత్తిరీయ ప్రాతిశాఖ్యము ఏనాడో నిర్ణయించినది. కావున అక్షరవిభాగమున ఉచ్చారణమే ప్రమాణము, లిపి కాదు.

దీర్ఘసమాసములయందు ఉచ్చారణమును చాలదు. ‘సదానవవైభవము’ అనుదానిని అక్షరమక్షరముగా ఎన్నిమారులు లెక్కించినను అర్థము తేలదు. సదా, నవ యని విరిచినచో నిత్యనూతనమైన వైభవము. స, దానవ యని విరిచినచో దానవులతో కూడిన వైభవము. గురులఘువులు మారవు, స్తుతి మాత్రము తారుమారగును.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. మచిలీపట్నమున వలందపాలెమునకు తమ పేరు విడిచిపోయిన డచ్చివారి భాషయు దీర్ఘసమాసములకు పెట్టినది పేరు. వారి ‘వల్కౌల్’ శబ్దమును వల్, కౌల్ అని విరిచినచో మృగములు పడు గొయ్యి. వల్క్, ఔల్ అని విరిచినచో డేగగుడ్లగూబ! అందుచే పంక్తి చివర మాటను విరువవలసినపుడు వారు మొదట సమాసావయవముల కూడలిని చూచి, పిమ్మటనే అక్షరములను చూతురు. శాకల్యుడు ఋగ్వేద పదపాఠమున అవగ్రహముతో చూపినదియు సమాసపు కూడలినే.

నేటి కంప్యూటరు అచ్చులో పంక్తి నిండినచోటనే సమాసము తెగుచున్నది. ‘నారికేళవ’ ఒక పంక్తిలో, ‘నమధ్యమున’ మరుపంక్తిలో పడినచో కొబ్బరితోటల నడుమ పెరిగిన ఉద్దానపు విద్యార్థియు తడబడును. నారికేళ, వన, మధ్యమున – ఈ కూడళ్లయొద్ద విరుచుట కష్టము కాదు. సంధిచే కూడలి మరుగుపడినచోటనే జాగరూకత వలయును. ‘విద్యార్థివసతిగృహము’నందు విద్యా, అర్థి శబ్దముల కూడలి ‘ద్యా’ యందు లీనమైనది. అచట విరువరాదు, ‘విద్యార్థి’ తరువాత విరువవలెను.

ఇది అచ్చుకూర్పరుల పనియని పండితులు తప్పించుకొనుట తగదు. గణవిభజనకు మార్కులు వేసి విగ్రహవాక్యమును వేరొక పత్రమునకు వదలుటచే, వృత్తమును గుర్తించినవాడు సమాసమును గుర్తింపలేకున్నాడు. ప్రాచ్యకళాశాలల ప్రశ్నపత్రములయందు ఒకే పద్యపాదమునకు ఈ రెండు విభాగములను ఒక్క ప్రశ్నగా అడుగవలెను. పరిశోధనపత్రికల సంపాదకులును ప్రూఫులు దిద్దునపుడు అక్షరదోషములతోపాటు పంక్తి చివరి విరుపులను సరిచూడవలెను.