కారు రంగుకు కావలి



ఒకప్పుడు కారు అంటే డాక్టరు గారి ఇంటి ముందో, కాంట్రాక్టరు గారి ఇంటి ముందో కనిపించే వస్తువు. నేడు ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, చిన్న వ్యాపారస్థులు కూడా అప్పు చేసి కారు కొనుచున్నారు. కొందరు సహోదరులకు కారే జీవనాధారము. అయిదేళ్ళో ఏడేళ్ళో నెలనెలా వాయిదాలు కట్టవలసిన ఆ వస్తువు, వాయిదాలు తీరక ముందే పైకప్పు తెల్లబడి, బానెట్ మీద మచ్చలు పడి ముసలిదైపోతే ఎంత నష్టమో ఆలోచించండి. అమ్మబోయిన దినమున కొనువాడు ఇంజను కంటె ముందు చూచేది రంగునే. కావున ఈ నెల కారు రంగును కాపాడుకొను విషయమై మూడు సంగతులు చెప్పదలచాను.

మొదటిది, మనము కాపాడుచున్నది ఏమిటో తెలిసికొనవలెను. కారు రేకు మీద ఒకే రంగు ఉండదు. రేకుకు తుప్పు పట్టకుండ ఒక పూత, దానిమీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికంటె పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. ఈ పొరలన్నీ కలిసినా సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. అందులో క్లియర్ కోటు సుమారు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. అనగా వెంట్రుకకంటె పలుచని పొర ఎండను, వానను, ఉప్పుగాలిని ఏళ్ళ తరబడి ఆపవలసి యున్నది. అది ఒకసారి అరిగితే తిరిగి పెరగదు. చాలా పాత కార్లకు ఈ పొర లేదు. రబ్బింగ్ పాలిష్ పెడితే గుడ్డకు రంగే అంటుకొనేది. ఇప్పటి కార్లలో గుడ్డకు ఏమీ అంటదు గనుక పోయేది ఏమీ లేదనుకొంటారు. పోయేది ఆ రంగులేని పొరే. ప్రతి పండుగకు రబ్బింగ్ పాలిష్ చేయించువారు ఈ మాట మరువకూడదు.

రెండవది, శత్రువులెవరో గుర్తించవలెను. విశాఖపట్నమునే తీసుకొందాము. ఒకవైపు సముద్రపు ఉప్పుగాలి, మరొకవైపు ఓడరేవులో దింపే బొగ్గు, ఎక్కించే ఇనుప ఖనిజము ధూళి. తెల్లవారి చూస్తే బానెట్ మీద నల్లటి పొర. చాలామంది చేసేదేమంటే, ఇంట్లోని పాత బనియను గుడ్డ తీసికొని పొడిగానే తుడిచివేస్తారు. ఆ ధూళిలోని రేణువులు గరుకు కాగితమువలె పనిచేస్తాయి. ఎండలో కారును చూచినప్పుడు సాలెగూడు వంటి గీతలు కనిపిస్తాయే, అవి అలా వచ్చినవే. ఆరుబయట దుమ్ము పట్టిన కవరు కప్పినా ఇంతే. గాలికి కవరు కదలుచు కారును రుద్దుతూనే ఉంటుంది.

ఇక పక్షుల రెట్ట. అందులో యూరిక్ ఆమ్లము ఉన్నది. మే నెల ఎండకు రంగు వేడెక్కి మెత్తబడినప్పుడు ఆ రెట్ట ఒక పూట నిలిచినా చాలు, మచ్చ లోపలికి దిగుతుంది. దానిని గోటితో గీకవద్దు, పొడిగుడ్డతో తుడవవద్దు. తడిగుడ్డను అయిదు, పది నిమిషములు దానిమీద వేసి ఉంచి, నానిన తరువాత మెల్లగా ఎత్తివేయండి. మామిడి పూత కాలములో ఆ చెట్టు క్రింద కారు పెడితే జిగురు పడుతుంది. అది చెట్టు కార్చేది కాదు, తేనెమంచు పురుగు విసర్జించేది. దానికి కూడ నానబెట్టుటే మందు. బోరునీళ్ళతో కడిగి ఎండలో ఆరనిస్తే నీటిలోని సున్నము తెల్లని చుక్కలుగా నిలుస్తుంది. ఆరకముందే తుడిస్తే ఆ బాధ లేదు.

మూడవది, రక్షణ. బజారులో వాక్సు, సీలెంటు అని రెండు రకములు దొరుకుతాయి. వాక్సులో పేరుగాంచినది కార్నౌబా. బ్రెజిలు దేశపు ఈశాన్య ప్రాంతములో పెరిగే ఒకజాతి తాటి ఆకుల నుండి తీసేది. మంచి నిగారింపునిస్తుంది గాని మన ఎండలకు, వానలకు కొన్ని వారములే నిలుస్తుంది. సీలెంటు కర్మాగారములో తయారైన పాలిమరు. రంగును గట్టిగా పట్టుకొని, సరిగా పూస్తే నాలుగైదు నెలలు పనిచేస్తుంది. ఒక్కదానికే డబ్బులున్న యెడల, ప్రతిదినము రోడ్డెక్కే కారుకు సీలెంటునే ఎన్నుకొనండి. రెండును వేయదలచితే సీలెంటు ముందు, వాక్సు తరువాత. ఈ వరుస తప్పకూడదు. వాక్సు జిడ్డు మీద సీలెంటు పట్టదు.

పని ఇలా చేయండి. కారును నీడలో నిలిపి, రేకు చల్లబడిన తరువాత మొదలుపెట్టండి. ముందు ధారాళముగా నీళ్ళు పోసి దుమ్మును వదిలించండి. రెండు బకెట్లు పెట్టుకొనండి. ఒకదానిలో కారు షాంపూ నీళ్ళు, రెండవదానిలో మంచినీళ్ళు. తుడిచిన గుడ్డను ప్రతిసారి మంచినీళ్ళలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచండి. పైకప్పు నుండి క్రిందికి రండి. చక్రముల దగ్గర వాడిన గుడ్డను మరల పైకి తేవద్దు. ఆరిన తరువాత చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి బానెట్ మీద నిమరండి. గరగరలాడితే మురికి ఇంకా అంటియున్నదన్నమాట. అప్పుడు క్లే బారును తీసికొని, షాంపూ నీటితో జారుడుగా చేసి, అదమకుండ రుద్దండి. క్లే ముద్ద నేలమీద పడిందా, పారవేయండి. అందులో ఇసుక చిక్కి గీతలు పడతాయి. క్లే అయిన తరువాత మరల కడిగి ఆరబెట్టండి.

తరువాత సీలెంటును ఒక్కొక్క భాగమునకు బహు పలుచగా పూయండి. మందముగా పూస్తే ఎక్కువ కాపాడదు, తుడిచేటప్పుడు చేతులు నొప్పి, అంతే. మసక పట్టిన తరువాత వ్రేలితో ఒకచోట గీచి చూడండి. శుభ్రముగా వదిలితే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచివేయవచ్చును. డబ్బా మీద చెప్పినంతసేపు, కొన్నిటికి ఒక రాత్రి కూడ, తడి తగలకుండ ఉంచి మరునాడు వాక్సు వేయండి. నల్లని ప్లాస్టిక్ భాగములకు వాక్సు అంటనీయవద్దు, తెల్లని మరకలు పడతాయి. కోస్తాలో ఉన్నవారు వానలకు ముందు మే చివర ఒకసారి, వానలు వెళ్ళిన తరువాత డిసెంబరులో ఒకసారి సీలెంటు వేసికొని, నడుమ నెలకో రెండు నెలలకో వాక్సు పూసికొంటే సరిపోతుంది. నీళ్ళు పోసినప్పుడు ముత్యములవలె గుండ్రముగా నిలుచునంత కాలము పూత బ్రతికియున్నట్టు. కడిగిన తరువాత కూడ నీరు చాపవలె పరచుకొంటే మరల వేయవలసిన సమయము వచ్చినట్టు.

పూత ఉన్నది గదా అని బట్టల సబ్బు పొడితోను, గిన్నెల సబ్బుతోను కడిగితే ఆ పూత త్వరగా పోతుంది. నిగనిగలాడుతుందని కొందరు కిరోసిను గుడ్డతో తుడుస్తారు. అది వాక్సును కరిగించి, జిడ్డును మిగిల్చి, దుమ్మును పిలుస్తుంది. ఏ పూత అయినను రాయి తగిలితే లేచే పెచ్చును ఆపదని కూడ తెలిసికొనండి. పెచ్చు లేచిన చోట వెంటనే టచప్ చేయించండి, లేనియెడల ఉప్పుగాలికి అక్కడే తుప్పు మొదలవుతుంది. బీచ్ రోడ్డు మీద తిరిగేవారు వాటర్ సర్వీసింగులో అడుగుభాగమును మంచినీటితో కడిగించుకొనుట మంచిది.

చివరిగా ఒక మాట. చాలా ఇండ్లలో కారు తుడిచేది యజమాని కాదు. తెల్లవారుజామున వచ్చి పది కార్లు తుడిచి, నెల జీతము తీసికొనే ఒక తమ్ముడు. ఒక్క బకెట్టు, ఒక్క గుడ్డ, పది కార్లు. గీతలు పడగానే మనము అతనిమీద కేకలు వేస్తాము, జీతము కోస్తాము. అతనికి మంచి గుడ్డ ఎవరిచ్చారు? పొడిగా తుడవవద్దని ఎవరు చెప్పారు? మీ కారుకు రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక షాంపూ సీసా విడిగా కొనిపెట్టండి. పని ఎట్లు చేయవలెనో ఒక ఉదయము ప్రక్కన నిలువబడి చూపండి. నీళ్ళతో కడిగే దినమున పని పెరుగుతుంది గనుక జీతము కొంచెము పెంచండి. ఆ ఖర్చు ఒక బానెట్‌కు పెయింటింగ్ వేయించే ఖర్చులో ఎన్నవ వంతో లెక్క కట్టుకొనండి.

అప్పు చేసి కారు కొన్న ప్రతి కుటుంబము నెల వాయిదాతో పాటు నెలకొక శనివారపు సాయంకాలమును కూడ ఆ కారుకు కేటాయించుకొనవలెను. పిల్లలకు చెరొక గుడ్డ ఇవ్వండి. వస్తువును కొనుట ఒక దినపు పని, దానిని నిలుపుకొనుట ప్రతి దినపు పని అని వారు చేతులతోనే నేర్చుకొంటారు.